అరికాళ్ళ మంట – మిరపకాయ చెప్పే సంగతి

మధుమేహం పాతబడినవారు తరచుగా చెప్పుకొనే బాధ అరికాళ్ళ మంట. “కారం చల్లినట్టుందండీ, రాత్రిళ్ళు కునుకు లేదు” అంటారు. ఇది వట్టి పోలిక అని చాలాకాలం అనుకున్నాను. కాదని నాకు తెలియజెప్పినది ఒక పరదేశ పరిశోధకుని కృషి.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జూలియస్, మిరప ఘాటు శరీరానికి మంటగా ఎట్లు తెలియుచున్నదని వెదకినారు. ఆ ఘాటు పదార్థం పేరు క్యాప్సైసిన్. దానికి చలించని కణాలలో జ్ఞాననాడుల జన్యువులను ప్రవేశపెట్టి, ఏది చేరితే కణం చలించునో పరీక్షించారు. 1997లో ఆ జన్యువు దొరికింది. అది నాడి అంచున ఒక ద్వారాన్ని నిర్మిస్తుంది, దానికి టి.ఆర్.పి.వి.1 అని పేరు. ఆశ్చర్యమేమంటే, ఈ ద్వారం సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కూడ తెరచుకొంటుంది. (వేసవిలో మన బెజవాడ ఎండ ఆ అంకెను దాటిన రోజులున్నవి!) తెరిచినది మిరపైనా నిప్పైనా మెదడుకు చేరే కబురు ఒక్కటే: కాలుతున్నదని. అమృతధారలో కలిపే పుదీనా పువ్వు చల్లదనానికి కూడ ఇటువంటి ద్వారమే 2002లో బయటపడింది. జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

చరక సుశ్రుతులకు మిరప తెలియదు. అది పోర్చుగీసువారి ఓడలతో వచ్చిన పంట. వారి కటుద్రవ్యాలు శొంఠి, పిప్పలి, మిరియం. మిరియం, శొంఠిలోని ఘాటు కూడ, కొంత తక్కువ బలంతో, ఇదే ద్వారాన్ని తట్టుతుంది. కటురసం నాలుకను చుర్రుమనిపించి ముక్కు, కళ్ళ వెంట నీరు తెప్పిస్తుందని గురువుగారింట వల్లెవేసిన లక్షణానికి నాడిలో చోటు దొరికినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

ఈ ద్వారాన్ని పదేపదే తెరిపిస్తే నాడి అలసి, కబురు పంపడం తగ్గిస్తుంది. నరాల నొప్పికి వాడే క్యాప్సైసిన్ లేపనాలు పనిచేసేది ఇట్లే. మధుమేహ రోగుల పాదాల నొప్పికి 8 శాతం పట్టీని 2020లో అమెరికాలో అనుమతించారు. దానిని వైద్యుడే వేసి, పాదాల మీద 30 నిమిషాలు ఉంచి తీస్తాడు. ఇది చదివి ఇంట్లో ఎండుమిరప నూరి పూయబోకండి. దానికి కొలత లేదు. చేయి తగిలి మండితే నీళ్ళు చాలవు; గుంటూరులో తొడిమలు తీసే స్త్రీలను అడిగితే నూనె రాయమంటారు. ఆ ఘాటు నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం అవనిగడ్డ వైపు నుండి వచ్చిన ఒక రైతుకు, పాదాలు తాకి చూడకుండానే ఉప్పు కాపడం చెప్పాను. వేడి చాలలేదనుకొని ఆయన మూటను మరింత కాచి పెట్టుకొన్నాడు. పొక్కులు లేచి, పుండై, చివరకు ఒక వేలు తీయవలసి వచ్చింది. “మీరు చెప్పినట్టే చేశాను గదయ్యా, వేడే తెలియలేదు” అన్నాడు. మండే పాదానికి వేడి తెలియకపోవడమేమి? చెడిన నాడి నిప్పు లేకున్నా మంట కబురు పంపగలదు, నిప్పున్నా ఊరకుండగలదు. సుశ్రుతుడు పాదదాహం, పాదహర్షం అని రెండు వాతవ్యాధులు చెప్పాడు. మొదటిది మంట, రెండవది తిమ్మిరి. రెండూ ఒకే పాదంలో ఉండవచ్చునని నాకు తట్టలేదు.

ఆ రోజు చేయవలసిన పరీక్షను మీరు ఇంట్లోనే చేయవచ్చు. రోగిని కళ్ళు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకండి. నొక్కరాదు, నిమరరాదు. ఆరింటిలో రెండు గాని అంతకుమించి గాని తెలియకపోతే, ఆ పాదాలకు కాపడం, వేడినీళ్ళు, ఘాటు లేపనం ఏదీ తగదు. వెంటనే వైద్యునికి చూపాలి. పొలం గట్టున వట్టికాళ్ళతో నడవరాదు. ప్రతిరాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. చర్మం పొడిబారితే నువ్వులనూనె పలుచగా రాయండి, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు.

మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి ఇటువంటి మంటే రావచ్చు. మాత్ర మీకు మీరే మానక, రక్తపరీక్ష చేయించండి.