ఫ్యాటీ లివర్‌కి పత్యం వద్దు, వంట మార్చండి

స్కాన్ రిపోర్టులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని కనబడగానే మన సత్యవేడు మనిషి మొదట నూనె మానేస్తాడు. ఆ తర్వాత పత్యం పడతాడు. ఒక మండలం పాటు చప్పిడి కూడు తిని, నలభై తొమ్మిదో రోజు బిర్యానీతో లెక్క సరిచేస్తాడు. పట్టుదలకు లోటు లేదు, గురి మాత్రం తప్పింది.

కాలేయంలో చేరిన కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో 2005లో అమెరికా పరిశోధకులు ఆనవాలు పట్టి లెక్క తీశారు. ఒంట్లో అప్పటికే పేరుకున్న కొవ్వు కరిగి వచ్చింది దాదాపు 59 శాతం. పిండిపదార్థాల్లాంటి వాటి నుంచి కాలేయం తానే తయారు చేసుకున్నది 26 శాతం. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. మనం మాత్రం ఆ 15 శాతం మీద యుద్ధం ప్రకటించి, పళ్ళెంలో అన్నం కుప్పను ముట్టుకోం. నెయ్యి చుక్కను చూసి జడుసుకునేవాడే రెండోసారి అన్నం మారు వడ్డించుకుంటాడు.

అందులోనూ చక్కెరది వేరే దారి. అందులో సగం ఫ్రక్టోజు. దాన్ని ఎక్కువగా తీసుకున్నప్పుడు ఆ భారం చాలావరకు కాలేయం మీదే పడుతుంది, మిగిలిపోయింది కొవ్వుగా మారుతుంది. ఇప్పుడు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పోయి వచ్చే మనిషి రోజు లెక్క వేయండి. బస్సెక్కేముందు ఒక టీ, విరామంలో ఒకటి, దిగాక ఒకటి, నిద్ర ఆపుకోవడానికి మరో రెండు. టీకి రెండు చెంచాల చొప్పున వేసినా 50 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాములు దాటకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థా అంటోంది, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థా అంటోంది. ఎండకు తట్టుకోలేక తాగే కూల్‌డ్రింకు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు. మామిడి జ్యూసు ప్యాకెట్టూ అంతే. మన జిల్లా పండే కదా అని దాన్ని వెనకేసుకు రాకండి, పండు తినండి.

కూర్చుని చేసే ఉద్యోగులదీ ఇదే కథ. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఉందని 2025లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వాళ్ళెవరికీ సంకల్పబలం లేదనుకోవాలా? చుట్టూ ఉన్న ఏర్పాటే అలాంటిది. మనసును మార్చుకోవడం కంటే ఏర్పాటును మార్చుకోవడం తేలిక.

నాకు నచ్చిన సాక్ష్యం ఒకటి ఉంది. అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న నలభై మంది మగపిల్లల మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందులో సగం మందికి ఎనిమిది వారాలు చక్కెర దాదాపుగా ఆపేశారు. అయితే పిల్లాడి ముందు ఒక్కడికే వేరే గిన్నె పెట్టలేదు, ఇంటిల్లిపాదికీ అదే తిండి అందించారు. ఆ పిల్లల కాలేయంలో కొవ్వు సగటున 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. ఎప్పటిలాగే తిన్న పిల్లల్లో 21 నుంచి 20కి, అంతే. ఇంటి పొయ్యి మీద అందరికీ ఒక వంట, నాన్నకొక వంట అయితే ఆ పత్యం ఎన్నాళ్ళు సాగుతుందో మీకూ తెలుసు, వండే ఇల్లాలికి ఇంకా బాగా తెలుసు.

కాబట్టి వంటలోనే మార్చండి. పళ్ళెంలో ముందు కూర, పప్పు పడాలి, అన్నం తర్వాత. సగం పళ్ళెం కూరగాయలే ఉండాలి. గుడ్డు, చేప, శనగలు, పెసలు పెరగాలి. చెనిక్కాయలను చూసి భయం వద్దు, గుప్పెడు తింటే బజ్జీల కంటే ఎన్నో రెట్లు నయం. రాగి సంగటి మంచిదే. కానీ సంగటి కదా అని రెండు ముద్దలు లాగిస్తే కాలేయం మిమ్మల్ని మెచ్చుకోదు. ముద్ద సైజు తగ్గించి, పక్కన ఆకుకూర పెంచండి. రాత్రి షిఫ్టు వాళ్ళు బయల్దేరే ముందే కడుపు నిండా తిని పోతే, అర్ధరాత్రి బిస్కెట్లూ బోండాలూ అంతగా పిలవవు.

టీ బంక్ దగ్గర గ్లాసులో డికాక్షన్ పడకముందే "అన్నా, చక్కెర లేకుండా" అనేయండి. కలిపాక అంటే మొహమాటానికి తాగేస్తారు. చక్కెర లేని కాఫీకైతే నేను అడ్డు చెప్పను. కాఫీ తాగేవాళ్ళలో కాలేయం గట్టిపడటం తక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. అత్తగారింట్లో "ఇంకొంచెం వేసుకో నాయనా" అన్నప్పుడు వద్దంటే నొచ్చుకుంటారు. "అన్నం చాలు అత్తా, పప్పు వెయ్యండి" అంటే వాళ్ళ చెయ్యీ ఆగదు, మీ మాటా నిలుస్తుంది.

తాగే మందు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: కాలేయంలో కొవ్వు ఉన్నవాడికి 'కొంచెం' అనే కొలత లేదు. కామెర్లకు వాడే పసరు దీనికీ పనిచేస్తుందని ఎవరైనా అంటే దండం పెట్టి తప్పుకోండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి మన దేశపు డాక్టర్లే 2021లో రాశారు.

బరువు విషయంలో క్యూబా పరిశోధన ఒకటి కళ్ళు తెరిపిస్తుంది. కొవ్వుతో పాటు కాలేయం వాచిన 293 మందిని ఏడాది పాటు గమనించి, ఫలితాలు 2015లో ప్రచురించారు. ఒంటి బరువులో పది శాతం, ఆపైన తగ్గినవాళ్ళలో 90 శాతం మందికి ఆ వాపు పోయింది. కానీ అంత తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరే! అందుకే పది శాతం అని మొదటిరోజే గోడ మీద రాసుకోకండి. 78 కిలోల మనిషికి ముందు నాలుగు కిలోలు చాలు, అక్కడికే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. వారానికి అర కిలో మించి పరుగెత్తొద్దు, ఉపవాసాలతో ఒక్కసారిగా బరువు దించితే పిత్తాశయంలో రాళ్ళు పడొచ్చు. సన్నగా ఉన్నాం కదా అనుకునేవాళ్ళు టేపు తీసి నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే మీరూ ఈ వరసలోనే ఉన్నారు.

రిపోర్టు చదవడంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. రక్తపరీక్షలో కాలేయ ఎంజైము ఎస్‌జీపీటీ నార్మల్ అని రాగానే పండగ చేసుకుంటారు. కొవ్వు ఉండి కూడా అది నార్మల్‌గా రావచ్చు. అంతకంటే పనికొచ్చే లెక్క ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. ప్లేట్‌లెట్లు 2.2 లక్షలుంటే 220గా తీసుకోండి. 45 ఏళ్ళు, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64 ఉన్న మనిషికి దాదాపు 1.23 వస్తుంది. 1.3 లోపు ఉంటే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. దాటితే తిరుపతిలోనో చెన్నైలోనో డాక్టరును కలిసి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ గురించి అడగాలి. 65 ఏళ్ళు పైబడినవాళ్ళకు హద్దు కాస్త ఎక్కువ. వంట మార్చిన మూడు నాలుగు నెలలకు అదే ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించండి. షుగరు, ట్రైగ్లిజరైడ్లు కూడా చూపించుకోండి. ఆ రోజు ఇంట్లో పొట్ట పెరిగిన ఇంకెవరైనా ఉంటే వాళ్ళనీ వెంటబెట్టుకు పోండి.