పొలంబడి నేర్పే జట్టుపని – స్క్రమ్ పద్ధతి పరిచయము

పదిమంది కలిసి తలపెట్టిన పని చెడిపోయినప్పుడు తెలివి చాలకపోవడమే కారణమని మనము సాధారణముగా భావిస్తాము. మా తరగతి అనుభవము వేరు. చెప్పవలసిన మాటను చెప్పవలసిన వేళకు చెప్పకపోవడమే ఎక్కువ పనులను చెరుపుతున్నది. ప్రాజెక్టు అప్పగించిన మూడు వారములకు “ఎంతవరకు వచ్చినది?” అని అడిగితే “అయిపోవచ్చింది సార్” అనే సమాధానము వినిపిస్తుంది. గడువు రెండు దినములు ఉన్నదనగా అసలు సంగతి బయటపడుతుంది.

ఈ లోపమును సరిదిద్దుటకు కంప్యూటరు రంగములో ‘ఎజైల్’ అనే ఆలోచనాధోరణి, అందులో విశేష ప్రచారము పొందిన ‘స్క్రమ్’ అనే పద్ధతి ఏర్పడినవి. మన కళాశాల నుండి హైదరాబాదు, బెంగుళూరు నగరములకు ఉద్యోగములకై వెళ్ళే విద్యార్థులకు ఈ మాటలు మొదటి వారములోనే ఎదురవుతున్నవి. అందుచేత వీటిని పరిచయము చేయదలచినాము. అయితే ఈ పాఠమును మన పల్నాటి పొలముల నుండి ఆరంభించుట సుబోధకముగా ఉంటుందని మా అభిప్రాయము.

మిరపతోట చెప్పిన సంగతి

2021వ సంవత్సరములో గుంటూరు, పల్నాడు ప్రాంతముల మిరపతోటలపై నల్ల తామర పురుగు విరుచుకుపడినది. పూతలో చేరి రసము పీల్చే ఈ పురుగు అంతకుముందు మన మిరప రైతుకు పరిచయమైనది కాదు. అలవాటు చొప్పున మందు మీద మందు కొట్టినా పూత నిలువలేదు. విసిగి తోటలను పీకివేసిన రైతులు కూడ ఉన్నారు. శ్రావణములో వేసుకొన్న లెక్క మార్గశిరములో చెల్లలేదు. ఇది రైతు తెలివికి సంబంధించిన లోపము కాదు. ప్రణాళిక ఒకమారు గీస్తే నిలిచిపోతుంది. పొలము మాత్రము ప్రతివారము మారుతూ ఉంటుంది.

మారే పొలమును మారని ప్రణాళికతో సాగించలేమనే గుర్తింపు నుండి పుట్టినదే ‘పొలంబడి’. ఇండోనేషియాలో వరి పంటపై సుడిదోమ విజృంభించినది. విచక్షణ లేక చల్లిన మందులు మిత్రపురుగులను చంపి, దోమను మరింత పెంచుతున్నవని శాస్త్రజ్ఞులు గ్రహించినారు. 1986లో ఆ ప్రభుత్వము 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించినది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు మొదలైనవి. ఆ పద్ధతియే మన రాష్ట్రములో పొలంబడి అనే చక్కని పేరుతో వ్యాపించినది.

దీని విధానము సరళమైనది. సుమారు ఇరవై అయిదుగురు రైతులు వారమునకు ఒకమారు ఒకే పొలమువద్ద చేరుతారు. ఐదుగురేసి జట్లుగా విడిపోయి మొక్కలను పరిశీలిస్తారు. శత్రుపురుగులు ఎన్ని, సాలీడు, అక్షింతల పురుగు వంటి మిత్రపురుగులు ఎన్ని అని లెక్కించి, చార్టు గీసి, అందరి ఎదుట వివరిస్తారు. ఈ వారము ఏమి చేయవలెనో చర్చించి నిర్ణయిస్తారు. వచ్చే వారము ఆ నిర్ణయ ఫలితమును అదే పొలములో చూసుకొంటారు. శిక్షకుడు ఆజ్ఞాపించడు, ప్రశ్నిస్తాడు. పొలంబడి ప్రతి చీడను ఆపగలదని మేము అనడము లేదు. కాని అది తప్పును పంట చివరివరకు దాగనీయదు.

స్క్రమ్ స్వరూపము

పొలంబడితో సంబంధము లేకుండగనే కంప్యూటరు రంగము ఇటువంటి చక్రమును వేరు దారిలో కనుగొన్నది. జపాను దేశపు ఆచార్యులు టాకెయుచి, నోనాకా 1986లో ప్రకటించిన ఒక వ్యాసములో, కొత్త వస్తువులను తయారుచేసే జట్లను రగ్బీ ఆటగాండ్రతో పోల్చినారు. రిలే పరుగులో ఒకడు పరుగెత్తి కర్రను మరొకనికి అందించి తప్పుకొంటాడు. రగ్బీలో జట్టంతా బంతిని చేతులు మార్చుకొంటూ కలిసి ముందుకు సాగుతుంది. ఆ ఆటలో ఆటగాండ్రు భుజములు కలిపి నెట్టుకొనే ఘట్టమునకు ‘స్క్రమ్’ అని పేరు. జెఫ్ సదర్లాండ్ 1993లో తన జట్టులో ఈ పద్ధతిని అమలుపరచినాడు. 1995లో కెన్ ష్వేబర్, సదర్లాండ్ దీనిని విద్వత్సభలో వివరించినారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రములో పదునేడుగురు నిపుణులు సమావేశమై, ఎజైల్ ప్రకటనను వెలువరించినారు. ప్రణాళికకు విలువ ఉన్నదని అంగీకరిస్తూనే, మార్పునకు స్పందించడమే అంతకంటె విలువైనదని వారు తేల్చినారు.

స్క్రమ్‌లో పనిని చిన్న గడువులుగా విభజిస్తారు. ఒక్కొక్క గడువునకు ‘స్ప్రింట్’ అని పేరు. అది ఒక నెలకు మించరాదు. జట్టు సాధారణముగా పదిమందికి లోబడి ఉంటుంది. ఏ పని ముందు, ఏది తరువాత అని నిర్ణయించేవాడు ప్రాడక్ట్ ఓనర్. పద్ధతి సక్రమముగా సాగునట్లు చూచి, అడ్డంకులు తొలగేందుకు తోడ్పడేవాడు స్క్రమ్ మాస్టర్. ప్రతిదినము పదునైదు నిమిషములకు మించని కలయిక ఉంటుంది. స్ప్రింట్ చివర తయారైనదానిని చూపి అభిప్రాయములు తీసుకొంటారు. ఆపైన తాము పనిచేసిన తీరును తామే సమీక్షించుకొంటారు.

ఒక ఉదాహరణము

మన విద్యార్థులు ఆరుగురు మిరప సాగు ఖర్చులపై ఆరు వారములలో నివేదిక సమర్పించవలెననుకొందాము. పాత పద్ధతిలో రెండు వారములు వివరముల సేకరణ, రెండు వారములు పట్టికలు, రెండు వారములు రచన. కౌలు ఎంతో రైతులను అడుగనే లేదని ఐదవ వారములో తెలిస్తే, మరల ఊళ్ళు తిరుగుటకు వ్యవధి ఉండదు.

స్క్రమ్ పద్ధతిలో రెండేసి వారముల స్ప్రింట్లు మూడు. మొదటి స్ప్రింట్‌లో ఐదుగురు రైతులను మాత్రమే కలిసి, పట్టిక వేసి, రెండు పుటల నివేదిక వ్రాసి అధ్యాపకునికి చూపుతారు. కౌలు ప్రశ్న లేదనే లోపము రెండవ వారములోనే బయటపడుతుంది. సవరించిన ప్రశ్నలతో రెండవ స్ప్రింట్‌లో మరికొందరు రైతులను కలుస్తారు. గోడపై ఒక చార్టు అంటించి ‘చేయవలసినవి, చేస్తున్నవి, పూర్తయినవి’ అని మూడు వరుసలు గీస్తే, ఎవరి పని ఎక్కడ నిలిచినదో అడుగకనే తెలుస్తుంది.

పద్ధతికి ప్రాణము

ఇంతవరకు చెప్పినది దేహము. ప్రాణము వేరే ఉన్నది. హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకడు పండుగకు వచ్చినప్పుడు తన అనుభవము చెప్పినాడు. వారి జట్టులో ప్రతి ఉదయము నిలబడి సమావేశము జరుగుతుంది. నిన్న ఏమి చేసినావు, నేడు ఏమి చేస్తావు, అడ్డంకులు ఏమి అని ప్రశ్నలు. ఇతడు ఒకచోట చిక్కుకొని తొమ్మిది దినములు “జరుగుతున్నది” అని చెబుతూ వచ్చినాడు. ఆలస్యమైనవారిని జట్టు పెద్ద అందరి ఎదుట మందలించేవాడట. “తెలియదంటే ఈ ఊరివాడికి ఇంతే తెలుసు అనుకుంటారని భయం వేసింది సార్” అన్నాడు. పదవనాడు పక్కన కూర్చున్న సహోద్యోగికి చూపగా ఆ చిక్కు గంటలో విడిపోయినదట.

ఆ జట్టులో స్క్రమ్ లాంఛనములన్నియు ఉన్నవి. స్క్రమ్ మాత్రము లేదు. దినకలయిక హాజరుపట్టీ కాదు. పురుగును చూచి కూడ చార్టులో గీయని రైతుకు పొలంబడి ఎట్లు ఉపకరించదో, అడ్డంకిని దాచిన జట్టుకు స్క్రమ్ అట్లే ఉపకరించదు. 2020 నాటి స్క్రమ్ మార్గదర్శికలో ఆ మూడు ప్రశ్నలే కనిపించవు. ప్రశ్నల వరుస ముఖ్యము కాదు, నిజము వెలికి వచ్చుట ముఖ్యము.

కలిసి ఆలోచించుట మనకు కొత్త కాదు. ఖురాను 42వ అధ్యాయము పేరే ‘అష్‌షూరా’, అనగా పరస్పర సంప్రదింపు. మన ఇండ్లలో పెండ్లి మొదలు పొలము బేరము వరకు మష్వరా లేనిదే అడుగు పడదు. ఆ మష్వరాలో చిన్నవాడు కూడ నిర్భయముగా నోరు విప్పగలిగిననాడే అది సఫలము.

కావున విద్యార్థులకు మా సూచన ఇది: మీ తరువాతి ప్రాజెక్టును చిన్న గడువులుగా విభజించండి, ఆగిన పనిని ఆగిన దినముననే చెప్పండి. అధ్యాపకులమైన మాకు కూడ ఇందులో ఒక పాఠమున్నది. “అయినదా?” అని అడిగితే “అయిపోవచ్చింది” అనే జవాబే వస్తుంది. “ఎక్కడ ఆగినది, మేమేమి చేయగలము?” అని అడుగుట ఇకనైనా మేము అలవరచుకోవలెను.