పడతానేమోనన్న భయం: ఇంటివారు చేయగలిగిన సాయం



తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న నాయనమ్మ మూడు నెలలకు చెకప్‌కు వస్తుంది. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుని కనిపిస్తుంది. నొప్పి కూడా పెద్దగా ఉండదు. కానీ ఆమెను ఇద్దరు చెరో రెక్క పట్టుకుని దాదాపు మోసుకొస్తారు. "ఇంట్లో నడుస్తున్నారా అమ్మా?" అని అడిగితే, ఆమె నోరు తెరవకముందే కోడలు జవాబు చెబుతుంది: "లేదండీ, అత్తయ్యను మేమే లేవనివ్వడం లేదు. మళ్లీ పడితే ఎట్లా?" గుంటూరు, ఒంగోలు పల్లెల నుంచి వచ్చే కుటుంబాల నోట ఇటువంటి మాట తరచుగా వింటుంటాం. ప్రేమతో అనే మాటే. కాని ఎముక అతికిన తర్వాత కూడా మనిషిని మంచానికి కట్టిపడేసేది చాలాసార్లు ఈ మాటే.

ఈ భయం వట్టిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కిందపడటం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. అయితే భయపడి కదలకుండా కూర్చుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2007లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఏ జబ్బూ లేని పెద్దవారిని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. కేవలం 10 రోజుల్లో! కండ తగ్గితే కాలు వణుకుతుంది, వణికితే భయం పెరుగుతుంది, భయం పెరిగితే నడక ఇంకా తగ్గుతుంది. అలా పడే ప్రమాదం తగ్గకపోగా ఎక్కువవుతుంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా పత్తి తీసిన మనిషి, కల్లంలో వంగి మిరపకాయలు ఏరిన మనిషి ఒక్కసారిగా మంచానికే పరిమితమైతే ఆ తేడా ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

మరి భయం ఎలా పోతుంది? "భయపడకు" అని చెబితే పోదు. ఈ విషయంలో కొండలెక్కేవారి దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం ఎక్కిన సంగతి చాలామందికి తెలుసు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలే. వారిని తిన్నగా హిమాలయాలకు తీసుకెళ్లలేదు. మొదట హైదరాబాదుకు దగ్గరలోని భువనగిరి ఏకశిల కొండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పారు. ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్, ఆపైనే ఎవరెస్ట్. అంటే ఒక్కో మెట్టూ అలవాటైన తర్వాతే పై మెట్టు.

రాక్ క్లైంబింగ్‌లో ఎక్కేవారి నడుముకు, తొడలకు గట్టి పట్టీ బిగించి దానికి తాడు కడతారు. ఆ తాడును కింద ఒక తోడు మనిషి పట్టుకుంటారు. ఎక్కేవారికి పడతానన్న భయం ఎక్కువగా ఉంటే ఏం చేస్తారంటే, నేలకు కాస్త ఎత్తులోనే ఆగి, చేతులు వదిలి తాడు మీద కూర్చోమంటారు. తాడు ఆపుతుంది. మళ్లీ చేయిస్తారు. తర్వాత కొంచెం పైనుంచి, ఆపై ఇంకొంచెం పైనుంచి. పదిసార్లు తాడు ఆపిన తర్వాత ఎవరూ చెప్పకుండానే శరీరం నమ్మడం మొదలుపెడుతుంది. తాడు పట్టుకున్నవారు మరీ బిగించి పైకి లాగేస్తుంటే మాత్రం ఎక్కేవారి కాళ్లు పని నేర్చుకోవు. అలాగని వదులుగా వదిలేసి పక్కవారితో కబుర్లు చెప్పడం మరీ ప్రమాదం.

(పెద్దవారిని కావాలని పడేసి అలవాటు చేయమని మా ఉద్దేశం కాదు సుమా! తీసుకోవలసింది కొద్దికొద్దిగా అలవాటు చేయడం, తాడు పట్టడం. అంతే.)

మీ ఇంట్లో ఆ తాడు మీరే. ముందుగా ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చో డాక్టరు గారిని అడగండి. అది తేలకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. తర్వాత రోగినే అడగండి: ఏ పనికి ఎక్కువ భయం, ఏ పనికి తక్కువ? కొందరికి మంచం అంచున కూర్చోవడమే భయం. కొందరికి గడప దాటడం. చాలామందికి స్నానాల గది, అందులోనూ రాత్రిపూట. అన్నిటికన్నా తక్కువ భయం ఉన్న పనితో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడుసార్లు చేయించండి. అది మామూలైపోయాక తర్వాతి పని. మంచం పట్టుకుని నిలబడటం, వాకర్‌తో గుమ్మం దాకా, తర్వాత వరండా, తర్వాత వీధి. ఫిరంగిపురం కొండ మెట్లు ఎక్కి ప్రార్థన చేసుకోవాలని ఒకరికి, కోటప్పకొండ మెట్లెక్కాలని మరొకరికి కోరిక ఉండవచ్చు. అది మనసులో ఉండనివ్వండి, కాని మొదట గుమ్మం.

నడిపించేటప్పుడు చంక కింద చేయి వేసి ఎత్తవద్దు. పక్షవాతం వచ్చినవారి చచ్చుబడిన చేయి పట్టుకుని అసలు లాగవద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. బలహీనంగా ఉన్న వైపున, ఒక అర అడుగు వెనుకగా నిలబడండి. ఒక చేయి నడుముకు కట్టిన పట్టీ మీద ఉంచండి. ఆ పట్టీ ఎలా కట్టాలో ఫిజియోథెరపిస్టు చూపిస్తారు. మనిషి తూలితేనే పట్టుకోవాలి. తూలనప్పుడు మీ చేయి ఊరికే అక్కడ ఉంటే చాలు. మత్తయి సువార్త 14వ అధ్యాయంలో పేతురు నీళ్ల మీద నడిచి, గాలిని చూసి భయపడి మునగబోతాడు. యేసు ప్రభువు చేయి చాపి అతణ్ణి పట్టుకున్నాడు. పడవలోంచి దిగవద్దని మాత్రం ముందుగా అతనితో అనలేదు.

కిందపడితే లేవడం ఎలాగో తెలిసినవారికి సగం భయం తగ్గుతుంది. ఇది మన ఇళ్లలో ఎవరూ నేర్పరు. ఫిజియోథెరపిస్టు సరేనంటే పరుపు మీద సాధన చేయించండి. ముందు ఒక పక్కకు దొర్లాలి. మోచేతి మీద, తర్వాత అరచేతుల మీద లేచి, మోకాళ్ల మీదికి రావాలి. పాకుతూ కదలని చెక్క కుర్చీ దగ్గరకో బల్ల దగ్గరకో వెళ్లాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, జారుతుంది. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలు ముందుకు పెట్టి లేచి, నెమ్మదిగా తిరిగి కూర్చోవాలి. తుంటి కీలు మార్పిడి జరిగినవారికి ఈ పద్ధతి వేరుగా ఉండవచ్చు, కాబట్టి అడగకుండా చేయించకండి.

నిజంగా పడినప్పుడు మాత్రం పరుగున వచ్చి లేపేయకండి. ఎక్కడ నొప్పో అడగండి. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా అయినట్టు లేదా పక్కకు తిరిగినట్టు కనిపించినా కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఇల్లు కూడా ఒకసారి చూసుకోండి. కుంగిపోయిన నులక మంచం మీద నుంచి లేవడం ఆరోగ్యవంతులకే కష్టం. మోకాలి ఎత్తున గట్టి మంచం వేయండి. స్నానాల గదిలో గోడకు ఇనుప కడ్డీ బిగించండి, పాచి గీయించండి. వానాకాలం నల్లరేగడి అంటుకున్న చెప్పులు గడప బయటే ఉంచండి. వసారాలో మిర్చి టిక్కీలు, పత్తి కట్టె దారికి అడ్డం లేకుండా జరపండి. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి. బి.పి. మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవారు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్న తర్వాతే లేవాలి. అప్పటికీ కళ్లు తిరుగుతుంటే అది భయం కాదు, మందుల సంగతి. డాక్టరు గారికి చెప్పండి. కంట్లో శుక్లం ఉంటే చూపించండి.

వ్యాయామం వల్ల లాభం ఉందా అని అడుగుతారు. 2019లో అనేక పరిశోధనలను కలిపి చూస్తే, నిలకడకు, కాళ్ల బలానికి సంబంధించిన వ్యాయామం చేసే పెద్దవారిలో పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయని తేలింది. అంటే పడటం పూర్తిగా ఆగదు. ఆ మాట దాచి మిమ్మల్ని మభ్యపెట్టడం సరికాదు.

వచ్చే చెకప్‌కు వచ్చేటప్పుడు ఒక కాగితం తీసుకురండి. మీ నాయనమ్మ ఈ నెలలో దేనికి భయపడి ఏ పని మానుకున్నారో అందులో రాయండి. ఆమె చెప్పినట్టే రాయండి, మీరు అనుకున్నట్టు కాదు. ఫిజియోథెరపీ గదిలో మొదట ఆ కాగితమే చూస్తాం.