మూడో ల్యాపులో చెయ్యెత్తినందుకు

బొంతపల్లి,
బుధవారం రాత్రి.

మేనకోడలికి,

బిడ్డా, నీ మెసేజ్ చదివిన. రేసు సంగతి అందులో నాలుగు ముక్కలే ఉంది. మీ ఫ్యాక్టరీలో ఎవరు ఏమన్నారు, క్యాంటీన్‌లో ఎవరు నవ్వారు అన్నది మాత్రం పేజీలకు పేజీలుంది. నాకు ఆ నాలుగు ముక్కలే కావాలి. నాకు అర్థమైనంతలో జరిగింది ఇది. శుక్రవారం ఎండలో ప్రాక్టీసు మంచిగ నడిచింది. శనివారం క్వాలిఫైయింగ్‌కు ముందు చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద మబ్బు కమ్మింది, నీ స్థానం వెనక్కి పోయింది. ఆదివారం రేసు మొదలైన కాసేపటికే మళ్లీ వాన. మూడో ల్యాపులో హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టింది. ముందున్న బండి కూడా ఆనకపోతే చెయ్యెత్తి, పక్కకు జరిగి, పిట్‌లోకి వచ్చేశావు. తక్కినవాళ్లు గళ్ల జెండా దాకా పోయారు. ఇద్దరు పడ్డారు, దెబ్బలు పెద్దవి కావు.

నువ్వు చేసింది సరైన పని. ఎవరు నవ్వినా నా మాట మారదు.

ఒక్కటి ఆలోచించు. మూడు కిలోమీటర్ల ఏడొందల మీటర్ల ట్రాక్ అది. మలుపు అవతల ఏం జరిగిందో నీకు చెప్పేది మార్షల్ చేతిలో జెండా ఒక్కటే. తెల్ల జెండా మీద ఎర్ర క్రాసు ఉంటే ఆ ముక్కలో చినుకులు మొదలైనట్టు. పసుపు, ఎరుపు చారల జెండా చూపితే రోడ్డు జారుతున్నట్టు. ఉత్త పసుపు ఊపితే ముందు ఎవరో పడి ఉన్నట్టు. అద్దంలోంచి ఏమీ కనబడనివాడికి జెండా కూడా కనబడదు కదా. పడిపోయిన పిల్లది లేచి ట్రాక్ దాటుతుంటే నువ్వు పోయి గుద్దేదానివి. ‘ధైర్యం చాలలేదు’ అని నిన్ను చూసి నవ్వినవాళ్లు ఆ పిల్ల మీదుగా పోవడాన్ని ధైర్యం అంటారేమో అడుగు.

ఈ మాటకు పొంగిపోకు. కనబడనప్పుడు ఆగడం సరైనదే. కనబడని దాకా తెచ్చుకున్నదీ నువ్వే. తిట్టాల్సింది అక్కడ ఉంది, తిడతాను.

ఆవిరి వానతో రాదు, నీ నోట్లోంచి వస్తుంది. వాన లోపలికి రాకుండా హెల్మెట్ గాలి రంధ్రాలు మూసేశావు. బయట అద్దం చల్లబడింది, లోపల వెచ్చని తేమ ఊపిరి దానికి తగిలి నీరైంది. కెమిస్ట్రీ చదివి రోజూ కండెన్సర్లు చూసే పిల్లవు, ఇది నేను చెప్పాలా? దీనికి మందు శుక్రవారమే ఉండాలి. పిన్‌లాక్ అని లోపల రెండో పొర అద్దం ఒకటి వస్తుంది. రెంటి మధ్య గాలి నిలబడి లోపలి పొర చల్లబడదు. అది కొను. ముక్కు మీద మాస్కు లాంటి తొడుగు పెడితే ఊపిరి కిందికి పోతుంది, అదీ పెట్టు. అద్దం పై అంచున టేపు అంటించు, లేదంటే నుదుటి దగ్గరి నుంచి నీళ్లు లోపలికి కారతాయి. ఏదీ దొరక్కపోతే గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పలచగా రాసి, పొడి గుడ్డతో తుడిచెయ్. కాసేపు ఆగుతుంది. ఇవన్నీ కలిపినా నువ్వు సైలెన్సర్ మీద పెట్టిన డబ్బులో చిన్న ముక్క. ఆ సైలెన్సర్ వానలో నీకేం చేసిపెట్టిందో నాకైతే తెలియలేదు.

హెల్మెట్ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2023 ఆగస్టు 5న అదే ట్రాక్ మీద శ్రేయస్ హరీశ్ అనే బెంగళూరు పిల్లవాడు, 13 ఏళ్లవాడు, పడినప్పుడు హెల్మెట్ ఊడిపోయింది. పిల్లవాడు దక్కలేదు. ఆ వారాంతం మిగిలిన రేసులన్నీ రద్దు చేశారు. అందుకే నీ హెల్మెట్ సైజు గురించి అడిగినప్పుడల్లా నువ్వు విసుక్కున్నా నేను మానను. గ్రిడ్ మీదికి పోయే ముందు గదవ కింద పట్టీ ఇంకొకళ్ల చేత లాగించి చూపించు. జుట్టు ముడి లోపల పెడితే హెల్మెట్ పైకి లేస్తుంది. జడ వేసి సూట్ లోపలికి పెట్టుకో.

ఇక బండి నడపడం. మీ అన్న పంపిన వీడియో చాలాసార్లు చూసిన. ఆవిరి కంటే నన్ను కలవరపెట్టింది నీ భుజాలు. చినుకు పడగానే భుజాలు చెవుల దాకా లేచినై, మోచేతులు బిగుసుకున్నై. ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. దుండిగల్ నుంచి ఇటు మన నర్సాపూర్ రోడ్డు మీద. కెమికల్ ట్యాంకర్ల మధ్య, గుంతల మధ్య, కమాన్ దగ్గర ఎదురుగా వచ్చే ఆటోల మధ్య రోజూ షిఫ్టుకు పోయి వచ్చే మనిషి వానలో బిగుసుకోకుండా ఎట్లుంటది! ట్రాక్ మీద మాత్రం ఆ బిగువు హ్యాండిల్‌లోకి దిగుతుంది, హ్యాండిల్ నుంచి ముందు టైరులోకి. ముందు టైరు కొద్దిగా జారితే తనంతట తాను సర్దుకోగలదు. నువ్వు గట్టిగా పట్టుకుంటే దానికి ఆ వీలుండదు. ట్యాంకును మోకాళ్లతో అదిమి పట్టు, చేతులు వదులుగా ఉంచు.

రోడ్డు నీకు ఇంకొకటి తప్పుగా నేర్పింది, ముందు బ్రేకు అంటే భయం. ‘ముందు బ్రేకు పడితే బోర్లా పడతవు’ అని మీ నాన్న చిన్నప్పుడు చెప్పాడు, నువ్వు ఇంకా వెనక బ్రేకు మీదే బతుకుతున్నావు. వానలో కూడా బండిని ఆపే పని ఎక్కువగా ముందు చక్రానిదే. కాకపోతే ఒక్కసారిగా పట్టకూడదు. మొదట లివరు మీద వేళ్లు ఆనించు. బరువు ముందుకు వచ్చి ఫోర్క్ కాస్త దిగాక ఒత్తిడి పెంచు. బండి నిటారుగా ఉన్నప్పుడే, మామూలు కంటే ముందుగానే, ఆ పని పూర్తి చెయ్. వంగాక బ్రేకు జోలికి పోవద్దు. గేర్లు దించేటప్పుడు ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా. నీ బండికి స్లిప్పర్ క్లచ్ ఉంది కదా అని రెండు గేర్లు ఒకేసారి తొక్కితే వెనక చక్రం తడి రోడ్డు మీద నీ మాట వినదు. మలుపు దాటాక ఎక్సలేటర్ తిప్పేది కూడా అంతే నెమ్మది.

రోడ్డు నేర్పినవన్నీ పారేయమని కాదు. నాలుగు రోజులు ఎండ కాసి మొదటి చినుకు పడ్డప్పుడు కమాన్ దగ్గరి స్పీడ్ బ్రేకర్ కాడ ట్యాంకర్లు కార్చిన డీజిల్ ఎట్ల రంగులు తేలుతుందో నీ కంటికి తెలుసు. తెల్ల గీత మీద, ఇనప మూత మీద బ్రేకు వెయ్యకూడదని నీ కాలికి తెలుసు. ట్రాక్ మీద మలుపుల అంచున రంగు వేసిన కెర్బులు ఆ తెల్ల గీతల జాతివే. వాటిని ముట్టకు. నిన్న మొన్నటి ఎండలో అందరి టైర్లు రబ్బరు అరిగించి నున్నగా చేసిన దారి ఉంటుందే, ఎండలో మీరందరూ కొట్టుకునేది దాని కోసమే, మొదటి వానలో అన్నిటికంటే ఎక్కువ జారేది అదే. దానికి కాస్త బయటగా, గరుకుగా ఉన్న చోట పో. వాన గట్టిగా కురిసి అంతా కడుక్కుపోయాక మళ్లీ పట్టు దొరుకుతుంది. కాబట్టి శనివారం వానా ఆదివారం వానా ఒకటే అనుకోవద్దు. ప్రతి ల్యాపూ కొత్తగా చూసుకోవాలి.

ఇంకో తిరకాసుంది. భయపడి మరీ నెమ్మదిగా పోతే టైరు నీళ్లకు చల్లబడుతుంది, చల్లబడ్డ రబ్బరు గట్టిపడి ఇంకా జారుతుంది. పెద్ద పోటీల్లో వానకు వేరే టైర్లుంటాయి. రబ్బరు మెత్తన, గాట్లు లోతు. ట్రాక్ ఆరుతుంటే అవే వేడెక్కి చిరుగుతాయి. నీ తరగతిలో ఆ భోగం లేదు, ఉన్న గాట్ల టైరే గతి. టైర్ల గురించి మనవాళ్లకు తెలియక కాదు. మన జిల్లాలోనే సదాశివపేట దగ్గర ఎం.ఆర్.ఎఫ్. ఫ్యాక్టరీ ఉంది, మన ఊళ్ల పిల్లలు అక్కడ టైర్లు చేసి లారీలకెక్కిస్తున్నారు. వాటి మీద రేసు చేసే పిల్లలు మాత్రం ఈ చుట్టుపక్కల నువ్వు తప్ప నాకెవరూ తగల్లేదు. హైదరాబాద్ నుంచి రాహిల్ పిల్లారిశెట్టి లాంటివాళ్లు అక్కడికి పోయి పేరు తెచ్చుకున్నారు. కానీ పటాన్‌చెరు ఇవతల బైకు రేసు అంటే ఇంకా అర్ధరాత్రి ఔటర్ సర్వీసు రోడ్డు మీద పోరగాళ్లు చేసేదనే అర్థం. ఆ పని నువ్వు చేసిన రోజున నీకు ఈ మామ లేడు. అక్కడ పడితే జెండా ఊపేవాడూ లేడు, అంబులెన్సూ లేదు. నీ తప్పు ఏ పాపమూ తెలియని లారీ డ్రైవర్ మెడకు కూడా చుట్టుకుంటుంది.

‘మిగతావాళ్లు ఆగలేదు కదా’ అని రాశావు. 2016 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో మోటోజీపీ జరిగింది. వాన ముదిరి రేసు మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి ముందున్నది వాలెంటినో రోసీ, అప్పటికే తొమ్మిదిసార్లు ప్రపంచ చాంపియన్. పడ్డాడు. డోవిజియోసో కూడా పడ్డాడు. జాక్ మిల్లర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు మార్కెజ్‌ను దాటితే మార్కెజ్ వెంటపడకుండా వదిలేసి రెండో స్థానం పట్టుకుని ఇంటికి పోయాడు. ఆ ఏడు చాంపియన్ అయింది మార్కెజ్. వానలో వదిలెయ్యడం కూడా లెక్కే. 2022లో ఇండోనేషియాలో మండలిక ట్రాక్ మీద కుండపోతగా కురిసి రేసు గంటకు పైగా ఆలస్యమైంది. వాన ఆపడానికి ఒకావిడను పిలిపించారు, ఆమె పిట్ ముందు మంత్రాలు చదువుతూ తిరిగింది. మనం వాన కోసం కప్పల పెళ్లి చేస్తాం, వాళ్లు ఆగడానికి చేస్తారు! చివరికి తడి ట్రాక్ మీదే రేసు పెట్టారు, మిగ్యుయెల్ ఒలివేరా గెలిచాడు.

నేను మెకానిక్‌గా మద్రాసు దగ్గరి షోలవరం ట్రాక్‌కు పోయే రోజుల్లో ఈ తడి బెడద లేదు. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే, రేసులు చలికాలం చివర, ఎండలు ముదరకముందు పెట్టేవాళ్లు. 1990లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది, నువ్వు దిగింది దాని మీదే. ఇప్పుడు మీ సీజన్ వానాకాలంలో పడుతోంది. అంటే తడి వారాంతం నీకు దురదృష్టం కాదు, సిలబస్సు.

ఇక నువ్వు దాచిన సంగతి. మీ అమ్మ చెప్పింది. గురువారం పొద్దున సీ షిఫ్టు దిగి, పగలు రెండు గంటలు పడుకుని, సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కావంట, అదీ వెయిటింగ్ లిస్టు టికెట్‌తో. రాత్రంతా తలుపు దగ్గర కూర్చున్న మనిషి శుక్రవారం ట్రాక్ మీదికి దిగింది. మామూలుగా అయితే ఎండలో ఆ అలసటను ఒళ్లు కప్పిపుచ్చుతుంది. వానలో ప్రతి మలుపుకూ కొత్త నిర్ణయం కావాలి, నిద్ర లేని బుర్ర పాత నిర్ణయాలే మళ్లీ మళ్లీ చేస్తుంది. పిన్‌లాక్ మర్చిపోవడం, టేపు మర్చిపోవడం, భుజాలు బిగుసుకోవడం, ఇవన్నీ నాకు ఒకే చోట పుట్టినట్టు కనబడుతున్నాయి. సెలవు ముందే అడుగు, లేదా ఆ వారానికి షిఫ్టు మార్పించుకో. సూపర్‌వైజర్ ఇవ్వనంటే ఆ రౌండు మానెయ్. నీకు కోపమొస్తుంది, రానీ.

మానేద్దామా, బండి అమ్మేద్దామా అని చివర్లో అడిగావు. దానికి నేను జవాబు చెప్పను. డబ్బులు నీవి, జీతం నీది. ఒకటి మాత్రం గమనించిన. వాన గురించి రాసిన నాలుగు ముక్కల్లో రెండో ల్యాపులో నువ్వు ఒకర్ని బయటి వైపు నుంచి దాటిన సంగతి రాశావు. అమ్మేయాలనుకునే మనిషి అది రాయదు.

ఆదివారం బండి షెడ్డుకు తీసుకురా. కూలెంట్ తీసి ఉత్త నీళ్లు పోయాలి. ఆ పచ్చ ద్రవం ట్రాక్ మీద కారితే వెనక వచ్చేవాళ్లు పడతారు. శుక్రవారం ఏం పోసి నడిపావో నాకు చెప్పలేదు. నూనె డ్రెయిన్ బోల్టుకు లాక్ వైరు మళ్లీ కట్టాలి, వీడియోలో సందేహంగా కనబడింది. ప్రపంచ పోటీల బండ్లకు కింది ఫెయిరింగ్‌లో 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. పొడి రేసులో నూనె కారకుండా మూస్తారు, వాన రేసు అని ప్రకటించాకే నీళ్లు పోవడానికి తెరుస్తారు. నీదానికి ఏముందో చూద్దాం. హెల్మెట్ కూడా తీసుకురా. షెడ్డు వెనక ఖాళీ ప్లాటులో సిమెంటు గచ్చు ఉంది కదా, దాని మీద నీళ్లు కొట్టి, ముప్పై స్పీడులో ముందు బ్రేకు పట్టడం నేర్పుతా. పాత జీన్స్ వేసుకుని రా, మోచేతి తొడుగులు మర్చిపోవద్దు. మధ్యాహ్నం అత్త నాటు కోడి వండుతానంది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తే మాత్రం గేటు తియ్యను, పడుకుని పదకొండు తర్వాత రా.

నీ మామ