పర్యాటక నిర్వహణలో డిగ్రీ: కావలసిన అర్హతలు, నడవవలసిన దారి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో మన ఇళ్ళలో మూడు మాటలే ఎక్కువగా వినబడతాయి: ఇంజినీరింగ్, నర్సింగ్, లేకపోతే "ఏదో ఒక డిగ్రీ". ఆ ఏదో ఒకటి ఏమిటో తేల్చుకోకుండానే చాలామంది పిల్లలకు మూడేళ్ళు గడిచిపోతాయి. సాలూరు లారీల ఊరు. ఒడిశా ఘాట్ రోడ్డు మన ఊరి నుంచే ఎక్కుతుంది. అరకు లోయ మన కొండలకు అవతలే ఉంది. ఇన్ని దారుల మధ్య పెరిగిన మన పిల్లలకు ప్రయాణాన్నే వృత్తిగా నేర్పే చదువు ఒకటి ఉందని తెలియజేయాలని, దానికి ఏమేమి కావాలో వరుసగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పర్యాటకం అంటే షికారు కాదు

"టూరిజం చదివితే ఊళ్ళు తిరగడమే కదా" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. తిరిగేది పర్యాటకుడు. అతని టికెట్టు, బస, భోజనం, వాహనం, భద్రత చూసేవారు ఈ చదువు చదివినవారు.

పాఠ్యపుస్తకాల్లో మొదట వచ్చే నిర్వచనం ఒకటి ఉంది. తానుండే చోటు విడిచి వెళ్ళి, కనీసం ఒక రాత్రి బస చేసి, ఏడాది లోపల తిరిగి వచ్చేవాడే పర్యాటకుడు. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేవాడిని ఒకరోజు సందర్శకుడుగా లెక్కిస్తారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ వ్యాపారమంతా దీని మీదే ఉంది. విశాఖ నుంచి రైలెక్కి బొర్రా గుహలు చూసి సాయంత్రానికి వెళ్ళిపోయే మనిషి టీ, టిఫిన్‌కు ఖర్చు పెడతాడు. ఒక రాత్రి ఆగితే గది అద్దె, రెండు పూటల భోజనం, ఆటో కిరాయి, కాఫీ పొడి, వెదురు బుట్ట అన్నింటికీ డబ్బు ఇక్కడే ఇస్తాడు. అతను ఆగేలా చేయడమెలాగో నేర్పేదే పర్యాటక నిర్వహణ.

ఎవరు చేరవచ్చు?

ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చేరవచ్చు. ఎంపీసీ, బైపీసీలే కావాలన్న నియమం లేదు. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తి చేసినవారికీ అవకాశం ఉంది. మార్కుల కనీస శాతం సంస్థను బట్టి మారుతుంది. ఇప్పటికే వేరే డిగ్రీ చదివినవారు ఎంబీఏ స్థాయిలో ఈ రంగంలోకి రావచ్చు.

ఎక్కడ చదవవచ్చు?

1. మన రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలు: డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతాయి. దరఖాస్తు సమయంలో ఏ కళాశాలలో పర్యాటకం ప్రధాన విషయంగా ఉందో జాబితాలో చూసి ఎంచుకోవాలి.

2. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం: 2019లో ప్రారంభమై విజయనగరం దగ్గర కొండకరకంలోని తాత్కాలిక ప్రాంగణంలో నడుస్తూ వచ్చింది. శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న మెంటాడ, దత్తిరాజేరు మండలాల పరిధిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ బోధించే విషయాల్లో పర్యాటకం ఒకటి. పేరులో గిరిజన అని ఉన్నా అన్ని వర్గాల పిల్లలూ చేరవచ్చు. ప్రవేశానికి సీయూఈటీ పరీక్ష రాయాలి.

3. ఐఐటీటీఎం: భారత పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ. కేంద్ర పర్యాటక శాఖ కింద 1983లో ఏర్పడింది. ప్రధాన కేంద్రం గ్వాలియర్. మనకు దగ్గరగా భువనేశ్వర్‌లో, మన రాష్ట్రంలోనే నెల్లూరులో కేంద్రాలున్నాయి. బీబీఏ, ఎంబీఏ కోర్సులు నడుపుతుంది.

4. ఇగ్నో: పని చేసుకుంటూ చదవాలనుకునేవారికి, ఇల్లు విడిచి వెళ్ళలేనివారికి ఇది అనువైనది. టూరిజం మేనేజ్‌మెంట్‌లో బి.ఏ. ఒకేషనల్ కోర్సు ఉంది. కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 6 ఏళ్ళలో పూర్తి చేయవచ్చు. విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

డిగ్రీ చేతికి రావాలంటే

సీటు వచ్చినంత మాత్రాన డిగ్రీ వచ్చినట్టు కాదు. ఇప్పటి విధానంలో చదువును క్రెడిట్లలో కొలుస్తారు. తరగతి గదిలో 15 గంటల పాఠం ఒక క్రెడిట్. ప్రయోగం, క్షేత్రపని అయితే 30 గంటలు. యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160 క్రెడిట్లు ఉండాలి. మధ్యలో ఆపవలసి వస్తే, నిర్ణీత వృత్తి శిక్షణ క్రెడిట్లు కూడా ఉంటే, ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చే ఏర్పాటు జాతీయ విద్యా విధానం 2020లో ఉంది.

చదివే విషయాలు స్థూలంగా ఇవి: పర్యాటక భూగోళం, చరిత్ర, సంస్కృతి, ట్రావెల్ ఏజెన్సీ నిర్వహణ, టికెట్ల విధానం, హోటల్ సేవలు, అకౌంట్లు, మార్కెటింగ్, కంప్యూటర్, సంభాషణ నైపుణ్యం. అనేక చోట్ల ఒక విదేశీ భాష కూడా ఉంటుంది. వీటితో పాటు క్షేత్ర పర్యటన నివేదిక, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉంటాయి. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. హోటల్‌లోనో, ట్రావెల్ సంస్థలోనో, పర్యాటక శాఖ యూనిట్‌లోనో పనిచేసిన ధ్రువపత్రం లేకుండా ఆ క్రెడిట్లు రావు.

ఇగ్నోలో చేరేవారు ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. అసైన్‌మెంట్లు రాసి గడువులోగా ఇవ్వాలి. పుస్తకాలు ఇంటికి వచ్చాయి కదా, పరీక్ష ముందు చూసుకుందాం అనుకున్నవారే ఎక్కువగా మధ్యలో ఆగిపోతారు. పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో జరుగుతాయి.

డబ్బు కట్టే ముందు

మాకు తెలిసిన ఒక కుర్రవాడు నగరంలో ఒక ప్రైవేటు సంస్థలో చేరి, రెండేళ్ళు ఫీజు కట్టి, చివరకు ఒక రంగుల కాగితం తెచ్చుకున్నాడు. అది డిగ్రీ కాదు, డిప్లొమా కూడా కాదు. పై చదువుకు దరఖాస్తు చేస్తే చెల్లదన్నారు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఆ ఫీజు ఎన్ని ట్రిప్పుల కష్టమో చెప్పనక్కర లేదు.

1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, కేంద్ర లేక రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ విశ్వవిద్యాలయం, లేదా పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా అధికారం పొందిన సంస్థ మాత్రమే డిగ్రీ ఇవ్వగలదు. కాబట్టి కోర్సులో చేర్చుకునేవారిని ఒకే ప్రశ్న అడగండి: "డిగ్రీ మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది?" ఆ పేరును యూజీసీ జాబితాలో చూడండి. దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు ఉందో లేదో చూడండి. నెట్ సెంటర్‌లో పది నిమిషాల పని ఇది.

ధ్రువపత్రాల సంగతి

మన పిల్లలు సీటు పోగొట్టుకునేది మార్కుల వల్లే కాదు, కాగితాల వల్ల కూడా. రాష్ట్ర కళాశాలల్లో బీసీ-ఈ జాబితాలోని ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వారు బీసీ-బి కిందికి వస్తారు. అయితే రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మొదటిదానిలో ఉన్న వర్గం రెండోదానిలో ఉండి తీరాలని లేదు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు కేంద్ర జాబితా చూసుకోవాలి. అందులో లేనివారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఉండి ఆస్తి పరిమితులకు లోబడితే, ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం కోటాకు ప్రయత్నించవచ్చు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉండాలి. "షేక్" ముందుందా వెనుకుందా అన్న తేడాతో కూడా దరఖాస్తు ఆగిపోతుంది. ఈ సవరణలన్నీ ఇంటర్ మొదటి ఏడాదిలోనే చేయించుకోవాలి.

ఇప్పటి నుంచే చేయదగినవి

ఇంగ్లీషు భయం చాలామందిని వెనక్కు లాగుతుంది. కానీ మన ఊరి పిల్లలకు తెలుగు, ఉర్దూ వచ్చు. కొందరికి ఒడియా, కొండల మీది పిల్లలకు కువి కూడా వచ్చు. ఉర్దూ వచ్చినవారికి హిందీ మాట్లాడడం కష్టం కాదు. పర్యాటకంలో ప్రతి భాషా ఒక అర్హతే. ఇంగ్లీషు దానికి తోడు చేర్చుకోవాలి. రోజుకు అరగంట చదివి, ఐదు వాక్యాలు పైకి మాట్లాడితే రెండేళ్ళలో ఇంటర్వ్యూకు నిలబడగలరు.

ఇంకొక అభ్యాసం చేయండి. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, అక్కడి నుంచి అరకు, తిరిగి ఇంటికి: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు రెండు రోజుల ప్రయాణ ప్రణాళిక రాయండి. ఎక్కడ ఆగాలి, ఎంత సమయం, ఎంత ఖర్చు, వాన పడితే ఏమి చేయాలి అన్నీ ఉండాలి. ఆ దారి మీ ఇంట్లోని డ్రైవరుకు కంఠతా వచ్చు, ఆయన్ను అడగండి. ట్రావెల్ సంస్థలో మొదటి రోజు చేయించేది ఇదే పని.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆడపిల్లకు ఈ చదువు ఎందుకని కొందరు అడుగుతున్నారు. టికెట్ల బుకింగ్, అకౌంట్లు, హజ్-ఉమ్రా యాత్రల ఏర్పాట్లు, హోటల్ కార్యాలయం, ఉపాధ్యాయ వృత్తి అన్నీ ఈ డిగ్రీతో చేరగల పనులే. గైడుగా బయట తిరగడం వాటిలో ఒకటి మాత్రమే. చదవనివ్వండి, పని సంగతి ఆమె తేల్చుకుంటుంది.

అరకులో గదులు పెరుగుతున్నాయి, దారులు బాగుపడుతున్నాయి. చదువు లేకపోతే అక్కడ మన పిల్లలు సామాను మోసే పనికే మిగులుతారు. చదువు ఉంటే కౌంటరు వెనుక కూర్చుంటారు. ఈ ఏడాది ఇంటర్‌లో చేరిన పిల్లవాడు ఇంట్లో ఉంటే, పై ధ్రువపత్రాల పేరాను అతనితో కలిసి ఒకసారి చదవండి.