బయోచార్: బొగ్గు చేస్తే సరిపోదు, దానికి ముందు మేత పెట్టాలి



పత్తి ఏరుడు అయిపోయాక మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. కట్టె పీకి, కుప్ప వేసి, సాయంత్రం అగ్గిపుల్ల గీస్తాం. తెల్లారేసరికి మిగిలేది బూడిద. అదే కట్టెకు గాలి సరిగ్గా అందకుండా కాలిస్తే బూడిద కాకుండా బొగ్గు మిగులుతుంది. దాన్నే బయోచార్ అంటున్నాం. గుంత తవ్వడం నుంచి నేలలో కలపడం దాకా పై వీడియోలో చూపించాను. అందులో తొందరగా చెప్పేసిన సంగతులు, ముఖ్యంగా నేను చేసిన తప్పు, ఇక్కడ వివరంగా రాస్తున్నా.

నేను చేసిన తప్పు

మొదటిసారి బొగ్గు చేసినప్పుడు ఆగలేకపోయాను. చల్లారిన మర్నాడే పొడి కొట్టి, టమాట నారు పెట్టబోయే 2 గుంటల్లో చల్లేశాను. మూడు వారాలకు అక్కడి మొక్కలు పాలిపోయి, పక్క మడి కన్నా జానెడు పొట్టిగా ఉన్నాయి. నాయన గట్టు మీద నిలబడి "డిప్లొమా చదివి చేనుకు మసి పూసినవ్ గదరా" అన్నాడు. జీవామృతం రెండుసార్లు పారించాక తేరుకున్నాయి గానీ, మంచి ధర ఉన్న మొదటి కోతలు పోయాయి.

ఎందుకు ఇలా అయింది? బయోచార్ ఎరువు కాదు. అది సన్న సన్న రంధ్రాలున్న ఖాళీ గరిసె లాంటిది. ఖాళీగా నేలలో వేస్తే, అక్కడున్న నత్రజనిని, తేమను ముందు తనే పట్టుకుంటుంది. మొక్కకు అందాల్సింది కొంతకాలం అందదు. నింపి వేస్తే మాత్రం పట్టుకున్నదాన్ని మెల్లమెల్లగా వేర్లకు ఇస్తుంది, సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. అమెజాన్ అడవుల్లో పూర్వం మనుషులు తయారు చేసిన నల్లమట్టి నేలలు ఇప్పటికీ సారంగా ఉన్నాయి. అందులో ఉన్నది ఉత్త బొగ్గు కాదు. ఎముకలు, వంటింటి చెత్త వంటివన్నీ బొగ్గుతో కలిసి ఉన్నాయి.

ఏ కట్టె వాడాలి

పత్తి, కంది, మిరప, ఆముదం కట్టెలు, మక్క బెండ్లు, కొబ్బరి చిప్పలు, సర్కారు తుమ్మ కొమ్మలు బాగుంటాయి. హైదరాబాద్‌లోని క్రీడా శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి పంట కట్టెలనే డ్రమ్ము కొలిమిలో కాల్చి బయోచార్ చేశారు.

పశువులు తినే మేతను, ఆచ్ఛాదనకు పనికొచ్చే ఆకును మాత్రం కాల్చకండి. ఎలాగూ తగలబెట్టే కట్టెనే బొగ్గు చేయాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మల్చింగ్ షీటు ముక్కలు, డ్రిప్ పైపులు ఒక్కటి కూడా పడకూడదు. వాటి విషం బొగ్గుతో పాటు నేలలోకి పోతుంది.

గుంతలో కాల్చే పద్ధతి

1. పైన 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు, కింద సన్నగా ఉండేలా గరాటు ఆకారంలో గుంత తీయండి. గడ్డివాము, పశువుల కొట్టం దూరంగా ఉండాలి. చుట్టూ ఎండుగడ్డి చెక్కేయండి. గాలి రోజున వద్దు. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు రెండు నింపాకే అగ్గి పెట్టండి.

2. బాగా ఎండిన కట్టె కొంచెం వేసి పైనుంచి అంటించండి. పైన తెల్ల బూడిద కనబడగానే ఇంకో వరుస వేయండి. పైన మంట ఉన్నంతసేపు కింది బొగ్గుకు గాలి అందదు, పొగ కూడా ఆ మంటలోనే కాలిపోతుంది. పొగ ఎక్కువ వస్తోందంటే కట్టె పచ్చిది, లేదా ఒకేసారి ఎక్కువ వేశారన్నమాట.

3. గుంత నిండి మంట తగ్గగానే నీళ్లు పోయండి. వేడి ఆవిరి పైకి కొడుతుంది, గాలి వచ్చే వైపు నిలబడి దూరం నుంచి పోయాలి. పారతో తిప్పుతూ అడుగు దాకా తడపాలి.

4. ఆ రోజే బస్తాలకు ఎత్తకండి. లోపల ఒక్క నిప్పు కణం ఉన్నా రాత్రికి రాజుకుంటుంది. మర్నాడు తిప్పి చూసి, వేడి లేదని తేలాకే తీయండి.

100 కిలోల ఎండు కట్టెకు సుమారు 20 కిలోల బొగ్గు వస్తుంది. మంచి బొగ్గు విరిస్తే లోపల కూడా నల్లగా ఉంటుంది, చేతికంటిన మసి ఉత్త నీళ్లకే పోతుంది. జిడ్డుగా ఉండి ఘాటు వాసన వస్తే సరిగ్గా కాలలేదని అర్థం. దాన్ని మళ్లీ కాల్చండి.

మేత పెట్టడం

బొగ్గును తడిగా ఉన్నప్పుడే శనగ గింజంత ముక్కలుగా దంచండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక గంప బొగ్గుకు ఒక గంప మాగిన పశువుల ఎరువు కలిపి, పిడికిలి పడితే ముద్దయ్యేలా జీవామృతం చల్లండి. నీడలో గోనెపట్టా కప్పి 15 నుంచి 20 రోజులు ఉంచి, వారానికోసారి తిప్పండి. ఇంకో తేలిక దారి ఉంది. కొట్టంలో పశువుల కింద బొగ్గు పరిస్తే మూత్రం పీల్చుకుంటుంది, వాసన కూడా తగ్గుతుంది. తర్వాత దాన్ని ఎరువు కుప్పలో కలపండి.

ఏ నేలలో, ఎంత

బయోచార్‌కు సాధారణంగా క్షార గుణం ఉంటుంది. అందుకే భూసార పరీక్ష చేయించకుండా వేయకండి. పీహెచ్ 8 దాటిన నల్లరేగడి, చౌడు నేలలైతే ఆగండి. తేమ నిలవని ఎర్ర చల్క, ఇసుక నేలల్లో, పుల్ల నేలల్లో మేలు ఎక్కువ. నేనైతే తొలి ఏడాది గుంటకు 10 కిలోల బొగ్గు లెక్కన, అదీ మేత పెట్టిందే, సాళ్లలో లేదా పాదుల్లో వేసి మట్టి కప్పుతాను.

ఒక్క మాట గుర్తుంచుకోండి. జీవామృతం ఎక్కువైతే వచ్చే పంటకు సరిచేసుకోవచ్చు. బొగ్గు మాత్రం వందల ఏళ్లు నేలలోనే ఉంటుంది, వేశాక వెనక్కి తీయలేం. అందుకే ముందు ఒక్క గుంటలో వేసి, పక్కనే ఒక గుంట వేయకుండా వదలండి. ఒక పంట కాలం రెండింటినీ పక్కపక్కన చూడండి. చేను చెప్పాకే ఎకరానికి పోదాం.

నిరుడు మా టమాటకు మేత పెట్టిన బొగ్గే వేశాను. మసి పూసినవన్న నాయనే ఈసారి పత్తి కట్టె కుప్పకు అగ్గి పెట్టనివ్వలేదు. "గుంత తవ్వు" అన్నాడు.