ఏరు ఒకటే – వాటా ఎంత?

ఖరీఫ్ వస్తే చాలు, కాలువ గట్ల మీద ఒక గొడవ వినిపిస్తుంది.

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి ఉంది. అక్కడి నుంచి వంశధార ఎడమ కాలువ బయలుదేరుతుంది. టెక్కలి వైపు వచ్చి పలాస దాకా పోతుంది. పొడవు నూరు కిలోమీటర్లకు పైనే. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు ముందు అందుతుంది. శివారు పొలాలకు ఆఖరున అందుతుంది. ఒక్కోసారి అందదు.

ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారనుకోండి. ఒకరిది ఎగువ పొలం. ఇంకొకరిది శివారు పొలం. వరసకు బావా బావమరుదులు.

శివారు రైతు: బావా, మా కాలవకి నీరు రానేదు. ఉభాలు అవనేదు. నారు ముదిరిపోతంది.

ఎగువ రైతు: నీరుంటే వస్తాది కదేటి? నాకే చాల్లేదు.

శివారు రైతు: నీ మడిలో మోకాలి లోతు నీరుంది. చాల్లేదంతావేటి?

ఎగువ రైతు: నా పొలం ముందుంది. నేను తడుపుకున్నాకే కదా నీకు!

శివారు రైతు: మరి ఒడిశా వోలు కూడా ఇదే మాట అంటే? ఏరు ముందు వోల కొండల్లోంచే వస్తాది. ‘మేం తడుపుకున్నాకే మీకు’ అంటే నువ్వు ఊరుకుంటావా?

ఎగువ రైతు జవాబు చెప్పలేకపోయాడు. ఎందుకు? కాలువ మీద అతను ఎగువ. ఏటి మీద అతను కూడా దిగువే. ఆ మాటలో ఉన్న సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

పైచేయి ఎలా వస్తుంది?

నీటి దగ్గర అందరి బలం ఒకటి కాదు. పైచేయి మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, చోటు. ఎగువన ఉన్నవాడు నీటిని ఆపగలడు. దిగువన ఉన్నవాడు అడగగలడు, అంతే.

రెండు, డబ్బు, బలగం. పెద్ద ఆనకట్ట కట్టాలంటే కోట్లు కావాలి. ఇంజనీర్లు కావాలి. అవి ఉన్నవాడిదే ముందడుగు.

మూడు, కాగితం. ముందుగా ఒప్పందం రాసుకున్నవాడు ‘ఇది నా హక్కు’ అంటాడు. ఆ రాతలో లేనివాడు బయట నిలబడిపోతాడు.

వంశధార కథ

వంశధార ఒడిశాలో కలహండి, రాయగడ జిల్లాల కొండల్లో పుట్టింది. సుమారు 250 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ ఏటికి వాన నీరు చేరే నేలలో నాలుగింట దాదాపు మూడు వంతులు ఒడిశాలో ఉంది. మిగిలింది మన వైపు ఉంది.

ఒకప్పుడు మన ప్రాంతమూ, పర్లాకిమిడి ప్రాంతమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు పోయింది. మనం ఇటు ఉన్నాం. నేల మీద గీత గీశారు. నీటికి గీత గీయడం అంత సులువు కాదు.

1962లో రెండు రాష్ట్రాలూ ఒక మాటకు వచ్చాయి. వంశధార నీరు చెరి సగం అనుకున్నాయి. గొట్టా దగ్గర ఏడాదికి 115 టిఎంసిల నీరు దొరుకుతుందని లెక్క. అంటే ఒక్కొక్కరికి 57.5 టిఎంసిలు.

సగం సగం న్యాయమేనా? రెండు వైపుల మాటా వినాలి. ఒడిశా వాళ్ళు ‘వాన ఎక్కువగా మా కొండల్లోనే పడుతోంది’ అంటారు. మన వాళ్ళు ‘సాగు చేసే మైదానం మా దగ్గర ఉంది. మా పొలాలు ఈ నీటినే నమ్ముకున్నాయి’ అంటారు. రెండూ నిజాలే. రెండు నిజాలు ఎదురుపడినప్పుడే ఒప్పందం కావాలి.

నేరడి తగాదా

భామిని మండలం నేరడి దగ్గర వంశధార మీద బ్యారేజి కట్టాలని మన రాష్ట్రం చాలా కాలంగా అనుకుంటోంది. ఏటికి ఒక గట్టు మనది. రెండో గట్టు ఒడిశాది. బ్యారేజి కోసం ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలి. ‘మా భూమి కోతకు గురవుతుంది, ఏరు దారి మారుతుంది’ అని ఒడిశా భయపడింది. కాట్రగడ్డ దగ్గర వరద నీటిని కాలువకు మళ్ళించడానికి కూడా ఒప్పుకోలేదు.

2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. మన దేశంలో రాష్ట్రాల నీటి తగాదాలకు 1956 నాటి చట్టం ఒకటి ఉంది. దాని కింద 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. ట్రిబ్యునల్ అంటే ఒక తగాదా తేల్చడానికే వేసిన న్యాయసభ. అది 2017 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. సగం సగం వాటా సరైనదే అంది. నేరడి బ్యారేజికి ఒప్పుకుంది. ఆ 106 ఎకరాల ఖర్చు ఆంధ్రప్రదేశ్ పెట్టుకోవాలంది. కాట్రగడ్డ దగ్గర జూన్ నుంచి నవంబరు వరకే, 8 టిఎంసిలకు మించకుండా తీసుకోవాలంది. తీర్పు తరువాత కూడా తగాదా సుప్రీంకోర్టుకు చేరింది.

ఫిర్యాదు నుంచి తీర్పుకు పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా ఎన్ని పంటలు పోయి ఉంటాయి? తగాదా నడిచినన్నాళ్ళూ నష్టపోయేది రాష్ట్రం కాదు. శివారు రైతు.

అయినా ఒక మేలు ఉంది. రెండు రాష్ట్రాలకూ పైన ఒక న్యాయస్థానం ఉంది. చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా అక్కడ ఒకే బల్ల ముందు నిలబడాలి.

దేశాల మధ్య అయితే?

దేశాలకు పైన అలాంటి పెద్ద లేడు. రెండు దేశాలూ ఒప్పుకుంటేనే మధ్యవర్తి వస్తాడు. కాబట్టి బలం తేడా అక్కడ ఇంకా ఎక్కువగా పనిచేస్తుంది.

గంగానది చూడండి. గంగ మీద మనం ఎగువ. బంగ్లాదేశ్ దిగువ. సరిహద్దుకు దగ్గరలో మన ఫరక్కా బ్యారేజి 1975లో పనిలోకి వచ్చింది. ఎండాకాలంలో తమకు నీరు తగ్గిందని బంగ్లాదేశ్ మొర పెట్టుకుంది. 1996 డిసెంబరు 12న ముప్పై ఏళ్ళ గడువుతో ఒప్పందం కుదిరింది. జనవరి నుంచి మే వరకు ఫరక్కా దగ్గర నీరు 70 వేల క్యూసెక్కులు, అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం. 50 వేల కంటే తగ్గితే రెండు ప్రభుత్వాలూ వెంటనే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు బ్రహ్మపుత్ర చూడండి. అది టిబెట్‌లో పుట్టి మన దేశంలోకి వస్తుంది. అక్కడ చైనా ఎగువ. మనం దిగువ. నీటి పంపకం మీద చైనాతో మనకు ఒప్పందం లేదు. చైనా అక్కడ కట్టే ఆనకట్టల గురించి మన దేశం ఆందోళన చెబుతోంది. గంగ మీద బంగ్లాదేశ్ అడిగిన ప్రశ్నే బ్రహ్మపుత్ర మీద మనం అడుగుతున్నాం.

నైలు నది కథ వేరు. 1959లో ఈజిప్టు, సూడాన్ దేశాలు నైలు నీటిని పంచుకున్నాయి. ఈజిప్టుకు చేరే నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా కొండల నుంచే వస్తుంది. ఆ పంపకంలో ఇథియోపియాకు చోటు లేదు. అక్కడ ఎగువ దేశం పేదది. దిగువ దేశం బలమైనది. తరువాత ఇథియోపియా తన డబ్బుతో పెద్ద ఆనకట్ట కట్టింది. 2025లో దాన్ని ప్రారంభించింది. ఇప్పుడు ఈజిప్టు భయపడుతోంది. అన్యాయంగా రాసుకున్న కాగితం ఎల్లకాలం నిలవదని ఈ కథ చెబుతుంది.

1997లో ఐక్యరాజ్యసమితి ఒక ఒడంబడిక తెచ్చింది. ప్రతి దేశం నదిని న్యాయంగా వాడుకోవాలి. పక్క దేశానికి పెద్ద హాని చేయకూడదు. ఏదైనా కట్టే ముందు తెలియజేయాలి. ఓటింగులో చైనా వద్దంది. మన దేశం ఏ పక్కకూ ఓటు వేయలేదు. అది 2014లో అమలులోకి వచ్చింది. చేరిన దేశాలకే అది వర్తిస్తుంది.

బాహుదా చెప్పే సంగతి

మన బాహుదా నదిని చూడండి. ఒడిశాలో పుడుతుంది. ఇచ్ఛాపురం దగ్గర మన జిల్లాలోకి వస్తుంది. మళ్ళీ ఒడిశాలోకి పోయి సముద్రంలో కలుస్తుంది. ఒకే ఏటి మీద మనం ముందు దిగువ, తరువాత ఎగువ. కాబట్టి పైవాడిని ఏ న్యాయం అడుగుతామో, కిందివాడికి అదే న్యాయం ఇవ్వాలి.

కరువును కూడా పంచుకోవాలి

ఒక లెక్క చేద్దాం. ఒక ఏడు వంశధారలో 80 టిఎంసిలే వచ్చాయనుకుందాం. ఎగువవాడు ‘నా వాటా 57.5’ అని ముందే తీసుకున్నాడు. దిగువవాడికి మిగిలింది 22.5. చెరి సగం పంచితే ఒక్కొక్కరికి 40. కాగితం మీద వాటా ఒకటే. చేతికి వచ్చింది ఎంత తేడా! నీరు ఎక్కువున్నప్పుడు పంచుకోవడం సులువు. తక్కువున్నప్పుడు పంచుకోవడమే న్యాయం.

న్యాయమైన పంపకానికి ఇవి కావాలి:

1. నీటిని ఇద్దరి ఎదుటా కొలవాలి. లెక్క అందరికీ చూపాలి.
2. ఏదైనా కట్టే ముందు పక్కవారికి చెప్పాలి.
3. తాగే నీటికి మొదటి చోటు ఇవ్వాలి.
4. కరువును కూడా పంచుకోవాలి.
5. భూమి, ఇల్లు పోగొట్టుకున్నవారికి ముందుగా పరిహారం ఇవ్వాలి.

తాగే నీటి మాట మన ఉద్దానానికి బాగా తెలుసు. కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బుతో ఎన్నో ఇళ్ళు కుంగిపోయాయి. ఆ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు. కానీ మంచి నీరు కావాలని అందరూ ఒప్పుకున్నారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో వంశధార నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ రిజర్వాయరు కోసం కొన్ని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మన కుండలో నీటి వెనుక వాళ్ళ ఇళ్ళున్నాయి. ఆ ఊళ్ళవారి పరిహారం మాట కూడా మనమే గట్టిగా అడగాలి.

మనమేం చేయగలం?

దేశాల ఒప్పందాలు మన చేతిలో లేవు. మన కాలువ మన చేతిలో ఉంది. 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలు వచ్చాయి. సంఘం సమావేశానికి ఆడవాళ్ళూ మగవాళ్ళూ వెళ్ళండి. ఈ వారం ఎంత నీరు వచ్చింది, ఏ తూముకు ఎంత పోయింది అని అడగండి. లెక్క గోడ మీద రాయమనండి. మీకు చదవడం వచ్చు. చదివి సరిచూడండి. వంతు పెట్టుకుని శివారుకు ముందు నీరు ఇచ్చి చూడండి. కింది పొలం తడిస్తే పై పొలం ఎండిపోదు.

కొత్త మాటలు

ఎగువ – ఏటికి పై వైపు. దిగువ – ఏటికి కింది వైపు.
టిఎంసి – వంద కోట్ల ఘనపు అడుగుల నీరు.
క్యూసెక్కు – సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు.
ఒడంబడిక – ఒప్పుకుని రాసుకున్న మాట.

చర్చించండి

1. మీ కాలువ మీద మీరు ఎగువా? దిగువా?
2. ఎగువ రైతు స్థానంలో మీరుంటే ఏం జవాబు చెబుతారు?
3. ఒక ఏడు 90 టిఎంసిలు వస్తే చెరి సగం ఎంత? ఎగువవాడు 57.5 ముందే తీసుకుంటే దిగువకు ఎంత మిగులుతుంది?
4. మీ ఊరి నీటి సంఘాన్ని అడగవలసిన రెండు ప్రశ్నలు రాయండి.